పెద్దల్లుడు మెత్తబడ్డాడు

మా నాన్న ఎవరినైనా నమ్ముతాడు గానీ పక్కింటి గడియారాలాయన్ని నమ్మడు. కారణం పెద్దదేమీ కాదు. ఇద్దరూ ఒకే రాళ్ళ గట్టు మీద కూర్చుని ఒకే సముద్రంలోకి గాలాలు వేస్తారు. ఏ రోజు ఏ ఎరకి చేప పడుతోందో పక్కవాడికి తెలియకూడదన్నది నాన్న జీవితాశయం. దానికి తగ్గట్టు మా వంటింటి కిటికీ, వాళ్ళ వంటింటి కిటికీ ఎదురెదురుగా ఉంటాయి. చెయ్యి చాస్తే పంచదార గిన్నె అటూ ఇటూ మారిపోయేంత దూరం. నాన్నేమో రేవులో క్రేన్ నడిపి నడిపి రిటైరైన మనిషి. ఆ మోతలో చెవులు సగం పోయాయి, గొంతు మాత్రం రెట్టింపయింది. ఆయన రహస్యం చెబితే వీధి చివరి వాళ్ళు కూడా తలూపుతారు.

అందుకని ఒక ఉపాయం కనిపెట్టాడు. ఎరలన్నిటికీ చుట్టరికాలు పెట్టాడు.

పెద్ద రొయ్య పెద్దల్లుడు, చిన్న రొయ్య చిన్నల్లుడు. "మీసాలు దువ్వుకుని దర్జాగా వస్తాడు, తీరా ఒలిచి చూస్తే అంతా మెత్తన" అని దానికి వివరణ. పీత వియ్యంకుడు. తిన్నగా ఒక్క అడుగు వెయ్యదు, పలకరిస్తే ముందు గోళ్ళు చూపిస్తుంది. స్క్విడ్ మరదలు. చేతికి చిక్కదు, కోపమొస్తే మొహాన సిరా చిమ్ముతుంది. ఉప్పు పట్టించిన చేప ముక్క మేనత్త. వచ్చి వెళ్ళాక కూడా వారం పాటు ఇంట్లో వాసన పోదు. ఇసుకలో తవ్వితే దొరికే పురుగులు తోడికోడళ్ళు. ఒకే డబ్బాలో వేస్తే సాయంత్రానికల్లా ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి.

ఇదంతా అక్కా నేనూ గౌన్లు వేసుకునే రోజుల్లో సంగతి. అప్పటికి మా ఇంట్లో అల్లుళ్ళూ లేరు, వియ్యంకులూ లేరు కాబట్టి ఎవరి మనసూ నొచ్చుకోలేదు. మేనత్త ఉండేది గానీ ఆవిడకెవరూ చెప్పలేదు.

ఇంతమంది చుట్టాల్లో కూతురు మాత్రం లేదు. ఒకరోజు గట్టు మీద నాన్ననే అడిగేశాను.

"మరి నేనే ఎర నాన్నా?"

"నువ్వు బకెట్ పట్టుకో" అన్నాడు.

పట్టుకున్నాను. ఇప్పటికీ పట్టుకునే ఉన్నాను. వారమంతా కళ్ళద్దాల షాపులో వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీస్తాను, ఆదివారం వస్తే బకెట్ తీసుకుని నాన్న వెనక బయల్దేరతాను. నాన్న మోకాళ్ళు పట్టేసినప్పటి నుంచి ఎర ఎంచేది నేను, గుచ్చేది నేను, విసిరేది నేను, తగిలితే లాగేది నేను. తీరా చేప బకెట్లో పడ్డాక, "ఇవాళ నాకు బాగా పడ్డాయోయ్" అని గట్టంతా వినబడేలా చెప్పేది మాత్రం నాన్న. ఒళ్ళు మండేది. మండినా నోరెత్తేదాన్ని కాదు. మిగతా అన్ని చోట్లా గొంతు చించుకునే నేను, ఆ ఒక్క దగ్గర ఎందుకో నోట్లో మాట నోట్లోనే ఉంచుకునేదాన్ని.

అక్కకి పెళ్ళయ్యాక ఈ చుట్టరికాల భాష ప్రమాదంలో పడింది. బావ సోఫాలు తయారుచేసి అమ్ముతాడు. ఆరడుగుల మనిషి, వంపు తిరిగిన మీసం, ఎప్పుడూ ఇస్త్రీ నలగని చొక్కా. నాన్న పెట్టిన పేరుకీ ఆయన రూపానికీ అంత పొంతన కుదురుతుందని మేమెవరమూ అనుకోలేదు. కొత్తల్లో ఒకసారి ఆయన ముందు గదిలో పేపరు చదువుకుంటుంటే, వంటింట్లోంచి నాన్న అరిచాడు.

"పెద్దల్లుడి తల తీసేసెయ్! తోక ఉంచు!"

అమ్మ చేతిలో గ్లాసులు గల్లుమన్నాయి. పేపరు నెమ్మదిగా కిందికి దిగింది. "టీవీలో ఏదో సినిమా అండీ" అని అక్క గబుక్కున సర్దేసింది. టీవీ ఆ రోజు రిపేరుకెళ్ళింది, అది వేరే సంగతి. అప్పటి నుంచి అమ్మ ఒక శాసనం చేసింది. బావ ఇంట్లో ఉన్నంతసేపూ ఎరల ప్రస్తావన రాకూడదు. అల్లుడి పేరు రొయ్యకి పెట్టామని ఏ మొహంతో చెబుతాం? అదేదో మొదటిరోజే చెప్పేసి ఉంటే నవ్వుకుని ఊరుకునేవాడు. ఏళ్ళు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైపోయింది.

నా పెళ్ళి ఇంకా కాలేదు. ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా అమ్మ నిట్టూరుస్తుంది, "ఇంట్లో ఇంతమంది చిన్నల్లుళ్ళున్నారు, పనికొచ్చేవాడు ఒక్కడూ లేడు" అని.

ఇక అసలు సంగతి. గట్టుకి ఆనుకుని నాన్న పడవ ఒకటుంది. నీలం రంగు, చిన్నది, ఇంజను దాని ఇష్టమొచ్చినప్పుడు మాత్రమే పనిచేస్తుంది. ఎక్కడ తడితే కదులుతుందో నాకే తెలుసు. ఇక పడవెక్కొద్దని డాక్టరు నాన్నకి గట్టిగా చెప్పేశాడు. బావా అక్కా వచ్చిన శనివారం, భోజనాల దగ్గర ఆ మాట బయటికొచ్చింది.

బావ చెయ్యి కడుక్కుంటూ, "అయితే ఆ పడవ నాకిచ్చెయ్యండి మామయ్యగారూ" అన్నాడు. "షాపు ముందు పెట్టి, రంగులేయించి, నిండా దిండ్లు పరిచేస్తా. జనం ఎక్కి కూర్చుని ఫోటోలు దిగుతారు. ఆ సరదాలో ఒక సోఫా కొంటారు."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ పడవలో దిండ్లా? నీళ్ళ మొహం చూడకుండా, ఎండలో, ఎవరో పిల్లలు ఐస్‌క్రీమ్ తుడుచుకుంటూ? నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ పడవ నాది. ఎవరూ ఇవ్వలేదు, కానీ నాదే. దాని అడుగున పగుళ్ళు పూడ్చింది నేను, ఇంజనుకి నూనె పోసింది నేను. "నాకు కావాలి నాన్నా" అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. అంటే "నువ్వు బకెట్ పట్టుకో" అంటాడేమోనని భయం.

నాన్న అల్లుడి మాట కాదనలేడు. అలాగని ఔననడానికీ మనసొప్పలేదని కంచంలో గీతలు గీయడం చూస్తేనే తెలుస్తోంది. చివరికి తలెత్తాడు.

"గట్టు చివర దీపస్తంభం కింద ముసలాడున్నాడు. రేపు పొద్దున్న వాణ్ణి ఎవరు పడితే పడవ వాళ్ళది. ఒక్కొక్కళ్ళకి ఒకటే రకం ఎర. ఇంట్లోనే ఎంచుకోవాలి. అక్కడికెళ్ళాక మార్చకూడదు."

ముసలాడంటే మనిషి కాదు, చుట్టమూ కాదు. రాళ్ళ సందులో కాపురముండే పెద్ద రాతి చేప. వెడల్పాటి నోరు, నల్ల మచ్చలు. నాన్న గాలాలు తెంపీ తెంపీ లావెక్కింది.

"ఎవరైనా అంటే, ఎవరైనానా?" అని అడిగాను.

"ఎవరైనా" అన్నాడు నాన్న, నా వైపు చూడకుండా.

బావ హుషారుగా లేచి కారులోంచి ఒక పెట్టె తెచ్చాడు. తెరిస్తే లోపలంతా తళతళ. ప్లాస్టిక్ చేపలు, రబ్బరు కప్పలు, బొట్టుబిళ్ళల్లాంటి కళ్ళు, వెనక రంగుల కుచ్చులు. "వీడియోల్లో చూశాను. వీటికి పడని చేప లేదట" అన్నాడు. కిందటిసారి ఈయనే పూలకుండీల్లోంచి వానపాములు తవ్వి తెచ్చాడు. ఉప్పునీళ్ళలో పడగానే అవి తెల్లబడి దారప్పోగుల్లా వేలాడాయి, ఒక్క చేపా దగ్గరికి రాలేదు. ఈయన పప్పులు ఇక్కడ ఉడకవులే అనుకుని హాయిగా పడుకున్నాను.

పొద్దున్నే లేచి వంటింట్లోకెళ్ళేసరికి కాళ్ళ కింద నీళ్ళు. చల్లనీళ్ళ కోసం లేచినవాళ్ళెవరో ఫ్రిజ్ తలుపు సరిగ్గా వెయ్యలేదు. ఎవరో ఏమిటి, మా ఇంట్లో అర్ధరాత్రి దాహం వేసేది సోఫాల షాపాయనకే. రొయ్యల డబ్బా తెరిచి చూస్తే గుప్పుమంది. పెరట్లో బకెట్లో తడి గోనె కింద పీతలు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి.

నాన్న పెరటి గుమ్మంలో కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాడు. గడియారాలాయన కిటికీ తెరిచే ఉంది, లోపల రేడియో మోగుతోంది. బావా అక్కా ఇంకా లేవలేదనుకున్నాను. బాత్రూమ్ మా వంటింటికి ఆనుకునే ఉందన్న సంగతి, లోపల కుళాయి కట్టేసి ఉన్నా మనిషి ఉండొచ్చన్న సంగతి నాకు తట్టలేదు.

"నాన్నా, పెద్దల్లుడు మెత్తబడ్డాడు!" అన్నాను.

"ఆఁ?"

"మెత్తబడిపోయాడు! వాసనొస్తున్నాడు!"

"ముందే అనుకున్నా. కొనేటప్పుడే నాకు నచ్చలేదు. మీ అమ్మ మాట విని తెచ్చుకున్నా."

"ఏం చెయ్యమంటావ్?"

"ఇంకేం చేస్తాం, పిల్లికి పెట్టెయ్. వియ్యంకుడెలా ఉన్నాడు?"

"మంచి పొగరు మీదున్నాడు. బకెట్లోంచి బయటికి రావాలని చూస్తున్నాడు."

"అయితే వాడే గతి. ముందు గోళ్ళు విరిచెయ్. తర్వాత కాళ్ళు ఒకటో రెండో తీసెయ్. వీపు మీద సుత్తితో చిన్న దెబ్బ వెయ్యి. ప్రాణం పోకూడదు, లోపలి రసం కారాలి, అంతే."

"గుచ్చేది ఎక్కడ?"

"వెనకనుంచి."

బాత్రూమ్ తలుపు ఫట్మని తెరుచుకుంది.

గుమ్మంలో బావ. నోటి చుట్టూ పేస్టు నురగ, చేతిలో బ్రష్షు, బనీను మీద తువ్వాలు. అన్నేళ్ళలో ఆయన్ని ఇస్త్రీ లేకుండా చూడడం అదే మొదటిసారి. మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఏదో అనబోయాడు గానీ నురగ అడ్డొచ్చింది. గిర్రున తిరిగి గదిలోకెళ్ళిపోయాడు. ఆ వెంటనే ఆయన ఫోన్లో మాట్లాడడం వినబడింది.

"నాన్నా, ఇవాళ తలుపు తియ్యకు. ఎవరొచ్చినా సరే. మా మామగారొస్తే అసలే తియ్యకు. కారణం తర్వాత చెప్తా. సుత్తి ఉంటే దాచెయ్."

కొంప మునిగిందని అప్పుడర్థమైంది. పరుగున వెళ్ళేసరికి మంచం మీద సూట్‌కేసు తెరిచి ఉంది, బావ చొక్కాలు మడతలు పెట్టకుండా లోపల కుక్కుతున్నాడు. అక్క జుట్టు ముడేసుకుంటూ కళ్ళు నులుముకుంటోంది.

"ఏమైందండీ పొద్దున్నే?"

"ఏమవ్వాలి? నేను మెత్తబడిపోయానట! వాసనొస్తున్నానట! నన్ను పిల్లికి పెడతారట! పెట్టుకోనీ. కానీ మా నాన్నేం చేశాడే? తుంటి ఎముక అరిగి కర్ర పట్టుకుని నడిచే మనిషి! ఆయన కాళ్ళు తీసేసి వీపు మీద సుత్తితో కొడతారా మీవాళ్ళు? అదీ ప్రాణం పోకుండా!"

అక్కకి విషయం చప్పున అర్థమైపోయింది. మొహం పక్కకి తిప్పి తువ్వాలు నోట్లో కుక్కుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఏడుస్తోందని బావ అనుకున్నాడు. తర్వాత ఏడవడం లేదని తెలిసింది. అప్పుడు చూడాలి ఆయన మొహం.

"నవ్వుతున్నావా? నువ్వు కూడానా?"

ఆ గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువుంది. నాకు జాలేసింది. వేళాకోళం చేయడం సరదాయే గానీ, మనిషి నిజంగా నొచ్చుకుంటే చూడలేను. సూట్‌కేసు మూసి, పట్టుకుని వంటింట్లోకి వచ్చేశాడు, వెనకే మేమూ. "వస్తే రా, లేకపోతే నీ ఇష్టం" అన్నాడు అక్కతో. అక్క నవ్వు అక్కడితో ఆగిపోయింది.

అక్క నా చెయ్యి పట్టి పక్కకి లాగింది.

"ఏమే, చెప్పెయ్యనా? చెబితే ముసలాడికి ఏ ఎరో ఆయనకి తెలిసిపోతుంది. పడవ మీద నీకెంత ఆశో నాకు తెలుసు. నువ్వు వద్దంటే చెప్పను. ఇంకేదో ఒకటి అల్లుతాను."

నిజమే. రాళ్ళ దగ్గర గుంపులుగా తిరిగే బుల్లి చేపలు మెత్తటి ఎర ఏది వేసినా క్షణంలో పీక్కుతినేస్తాయి. పీత డిప్ప వాటి నోటికి లొంగదు, ముసలాడి నోటికే లొంగుతుంది. అది తెలిసినవాళ్ళకే పడవ. బావకి తెలిస్తే ఇద్దరి చేతుల్లోనూ పీతే ఉంటుంది. ఆపైన ఎవరి అదృష్టం వాళ్ళది. కిటికీ అవతల గడియారాలాయన రేడియో ఎప్పుడు ఆగిపోయిందో ఆగిపోయింది. అంటే ఆయన చెవులు రిక్కించి ఉన్నాడు. నోరు విప్పితే నాన్న ఇన్నేళ్ళు దాచుకున్నదంతా గుమ్మం దాటిపోతుంది.

నాన్న గుమ్మం దగ్గరే నిలబడి, ఒక కాలికి బూటుతో, నన్నే చూస్తున్నాడు. చెప్పమనలేదు, వద్దనలేదు.

"బావా" అన్నాను. "పెద్దల్లుడంటే మీరు కాదు. రొయ్య."

"ఏంటి?"

"పెద్ద రొయ్య. వియ్యంకుడంటే పీత. పీత కాళ్ళే విరవమన్నాడు నాన్న. మీరు మా ఇంటికి రాకముందే పెట్టిన పేర్లు. ఎరల పేర్లు పక్కింటాయనకి తెలియకూడదని."

గబగబా అన్నీ చెప్పేశాను. మేనత్తా, తోడికోడళ్ళూ, టీవీలో రాని సినిమా, అన్నీ. బావ పెదాల మీద ఆరిపోయిన నురగతో వింటూ నిలబడ్డాడు. అంతలో కిటికీ అవతల్నించి గొంతొకటి వచ్చింది.

"ఓరి, వియ్యంకుడంటే పీతా!"

గడియారాలాయన కిటికీ ఊచలకి మొహం ఆనించి ఉన్నాడు. ఒక కంటికి ఆ గడియారాలు చూసే భూతద్దం ఇంకా అలాగే ఉంది.

"ఏమయ్యా, నేనదంతా నిజమనుకున్నానయ్యా! రోజూ పొద్దున్నే వియ్యంకుడి కాళ్ళు విరిచెయ్, మరదలి కళ్ళు పీకెయ్, మేనత్తని ముక్కలు కొయ్యి అంటుంటే, పాపం ఇంట్లో మనశ్శాంతి లేని మనిషి, ఆ కాసేపు గట్టు మీదైనా ప్రశాంతంగా కూర్చోనీలే అని, దీపస్తంభం పక్కనున్న మంచి రాయి నీకొదిలేశాను!"

నాన్న మొహం చూసి తీరాలి. ఆ రాయి తన తెలివితేటలతో సంపాదించుకున్నానని ఇన్నేళ్ళూ మీసం మెలేశాడు.

ముందు నవ్వింది అమ్మ. తర్వాత అక్క. ఆఖరికి బావ కూడా, ఇష్టం లేకపోయినా, ముక్కుతో ఒక్కసారి నవ్వాడు. వెంటనే గంభీరంగా మారిపోయి మీసం తుడుచుకున్నాడు.

"అయితే పెద్దల్లుడు పనికిరాడన్నారు. అంతేనా?"

"రొయ్య బాబూ, రొయ్య" అంది అమ్మ.

"ఏదైనా సరే. పేరు నాదేగా? ఆ డబ్బా ఇలా తే."

"బావా, అవి పాడైపోయాయి, అమ్మ పిల్లి గిన్నెలో వేసేసింది. మీ తళుకు పెట్టె ఉందిగా, లేకపోతే పీత..." నా నోటితో నేనే అన్నాను, చూడండి. న్యాయంగా ఉండాలన్న పిచ్చి ఒకటుంది నాకు.

"పీత మా నాన్న. ఆయన్ని గాలానికి గుచ్చలేను. ఇవాళ వెళ్ళేది పెద్దల్లుడే. పిల్లి ముందు నుంచి ఆ గిన్నె తీసెయ్యండి అత్తయ్యగారూ."

పిల్లి బాగా గొడవ పెట్టింది.

గట్టు మీదకి వెళ్ళేసరికి అలలు మెల్లగా పోటెక్కుతున్నాయి. గడియారాలాయన అప్పటికే వచ్చి తన చిన్న రాయి మీద కూర్చున్నాడు. వార్త ఆయనతో పాటే వచ్చినట్టుంది. వరసగా కూర్చున్న వాళ్ళంతా తలలు తిప్పి బావని చూసి గుసగుసలాడుకున్నారు. "పెద్దల్లుడా?" "ఊఁ, పెద్దల్లుడే."

బావ రొయ్యని గాలానికి గుచ్చాడు. జారి నీళ్ళలో పడింది. ఇంకొకటి గుచ్చాడు. అదీ అంతే. నేను నవ్వుకునేలోపు జేబులోంచి దారపు ఉండా, వంకర సూదీ తీశాడు. సోఫా అంచులు కుట్టే దారం. రొయ్యని గాలానికి అడ్డంగా, నిలువుగా, దగ్గర దగ్గరగా కుట్టి, చివర ముడేసి, పంటితో తెంపాడు. అంత అందమైన ఎరని నేనెప్పుడూ చూడలేదు. నాకు నిజంగా గుబులు పుట్టింది. అలా కుట్టిన రొయ్యని బుల్లి చేపలు అంత తేలిగ్గా పీకలేవు. ఈ ఉపాయం నాన్నకీ తెలియదు, నాకూ తెలియదు.

నేను పీతని తీశాను. గోళ్ళు తీసి, డిప్ప మీద చిన్న దెబ్బ వేసి, వెనక కాలి మొదట్లోంచి గుచ్చి, దీపస్తంభం కింద పెద్ద సందులోకి నెమ్మదిగా దించాను. నాన్న రాయి మీద కూర్చుని బకెట్ ఒళ్ళో పెట్టుకున్నాడు. అప్పుడు గమనించాను, ఆ రోజు బకెట్ ఆయన దగ్గరుంది.

మొదట కదిలింది బావ గాలమే.

"పడింది! పెద్దల్లుడికి పడింది!" అని ఎగిరి గంతేశాడు. గట్టంతా లేచి నిలబడింది. లాగాడు, లాగాడు, చెమటలు కక్కుకుంటూ లాగాడు. నీళ్ళలోంచి పైకొచ్చింది గుప్పెడంత ముళ్ళ చేప. బయటికి రాగానే అది కోపంతో గాలి పీల్చుకుని బంతిలా ఉబ్బిపోయి, అందరినీ గుడ్లురిమి చూసింది.

"పొద్దున్న సూట్‌కేసు సర్దేటప్పుడు అచ్చం ఇలాగే ఉన్నారు" అంది అక్క.

గట్టు గొల్లుమంది. ఆ నవ్వుల మధ్యలోనే నా దారం ఒక్కసారి బిగుసుకుంది.

కొరకడం కాదు, గుంజడం కాదు. మొత్తం సముద్రం అటు పక్కకి జరిగినట్టు ఒక బరువు. ముసలాడు పీతని నోట్లో వేసుకుని తన గదిలోకి వెళ్ళిపోతున్నాడు. లోపలికెళ్తే రాళ్ళకి రాసుకుని దారం తెగుతుంది, అలాగే కదా ఇన్నేళ్ళూ తెంపింది. కాళ్ళు రాతికి తన్నిపెట్టి వెనక్కి వాలాను.

నాన్న బకెట్ కింద పడేసి లేచాడు. "వదలకు! వియ్యంకుణ్ణి వదలకు! గొంతు దాకా మింగనీ! ఇప్పుడు లాగు!"

దారి వెంట పోతున్న దంపతులెవరో ఆ మాటలు విని గబగబా నడిచి వెళ్ళిపోయారు.

లాగాను. భుజాలు ఊడొస్తున్నాయనిపించింది. నల్లటి వీపు ఒక్కసారి నీటి మీద తేలి మళ్ళీ మునిగింది. ఒక్కదాన్నే ఇంత బరువుని రాళ్ళ మీదకి ఎక్కించడం నా వల్ల కాదు. నాన్న దిగబోయాడు గానీ మోకాలు మడత పడలేదు. పక్కనుంచి ఎవరో దబ్బున నీళ్ళలోకి దూకారు. ఇస్త్రీ ప్యాంటుతో, తోలు చెప్పులతో, ఎవరిదో చేతివల పట్టుకుని మా బావ. నడుం లోతు నీళ్ళలో నిలబడి, అల వచ్చి మీసం తడిపేస్తున్నా కదలకుండా, వల చేప కిందికి తోసి రెండు చేతులా పైకెత్తాడు.

ముసలాడు రాతి మీద దబ్బుమని పడ్డాడు. నోట్లో ఇంకా పీత డిప్ప ముక్క ఉంది.

అందరూ కేకలు వేశారు. తర్వాత నెమ్మదిగా అందరికీ ఒకే అనుమానం వచ్చింది. గాలం నాది. వల బావ చేతిలో ఉంది. ఎవరు పడితే వాళ్ళకే పడవ అన్నాడు నాన్న.

బావ తడిసిన మీసం పిండుకుంటూ పైకొచ్చాడు. "పట్టింది నేను. అందరూ చూశారు" అన్నాడు.

దారం వదలకుండా పట్టుకున్నాను. మాట్లాడితే ఏడుపొచ్చేలా ఉంది. ఆయన కాసేపు నా మొహం చూశాడు. పొద్దున్న తను పడ్డదంతా నాకు రుచి చూపించాక గాని వదల్లేదు.

"కాకపోతే ఎర ఎవరు? మా నాన్న. ఆ లెక్కన ముసలాణ్ణి పట్టింది మా నాన్న. పడవ ఆయనకి చెందాలి. కానీ ఆయనకి నీళ్ళంటే భయం, పైగా ఈ పాటికి తలుపులన్నీ వేసుకుని మంచం కింద ఉండుంటాడు." ఒక్కసారి పకాలున నవ్వాడు. "తీసుకో మరదలా. సీట్లకి దిండ్లు మాత్రం నేనే కుడతా. నీళ్ళకి తడవని గుడ్డ ఉంది నా దగ్గర. అందుకు వద్దనకూడదు."

నా కళ్ళు నిండిపోయాయి. మొహం కనబడకుండా వంగి ముసలాడి నోట్లోంచి గాలం తీయసాగాను. నాన్న ఒక్క మాటైనా అంటాడేమోనని చెవులన్నీ అటే పెట్టాను. అనలేదు. జేబులోంచి పడవ తాళం తీశాడు. దానికి బెండు ముక్క ఒకటి కట్టి ఉంటుంది, నీళ్ళలో పడితే తేలడానికి. దాన్ని నా బకెట్లో పడేసి, గడియారాలాయన వైపు తిరిగాడు.

"ఏమోయ్, వచ్చే వారం నుంచి నేను రాను. ఆ రాయి మీద కూర్చుని వెయ్యడానికి చిన్నకూతురొస్తుంది."

గడియారాలాయన కళ్ళు మెరిశాయి. ఆయనకిప్పుడు భాష తెలిసిపోయింది కదా. దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగాడు.

"చిన్నకూతురా? అంటే ఏ ఎర?"

"ఎర కాదయ్యా" అన్నాడు నాన్న, గట్టంతా వినబడేలా. "మా చిన్నమ్మాయే. ఇన్నాళ్ళూ నాకు పడ్డాయని చెప్పానే, అవన్నీ పట్టింది అదే."